రోడ్ సైకిల్ టైర్ల తనిఖీ: దారాల దాకా చూడటం ఎలా

ఒకసారి పది రోజుల్లో మూడుసార్లు నా సైకిల్ వెనక టైరు పంక్చర్ అయింది. మూడుసార్లూ ట్యూబు మార్చాను. మూడుసార్లూ టైరు లోపలంతా వేలితో తడిమి చూశాను, ఏమీ తగల్లేదు. నాలుగోసారి ట్యూబు ఎక్కించే ముందు వేలు పక్కన పెట్టి దూదిముక్కతో లోపలి వైపంతా తుడిచాను. ఒకచోట దూది పోగు చిక్కుకుని ఆగింది. అక్కడ టైరును వెనక్కి మడిచి చూస్తే, గుండుసూది మొనకంటే సన్నటి ఇనుప తీగ కొస కనిపించింది. లారీ టైర్లు చిరిగినప్పుడు వాటి లోపలి ఉక్కు తీగలు ఇలాగే రోడ్డు మీద రాలుతుంటాయి. గాలి లేనప్పుడు ఆ తీగ రబ్బరులో దాక్కుంటుంది. గాలి నింపి మనిషి ఎక్కి కూర్చున్నాకే లోపలికి పొడుచుకొస్తుంది. అందుకే అన్నిసార్లు వెతికినా వేలికి దొరకలేదు.

ఆ రోజు నుంచి టైరును చూసే పద్ధతి మార్చుకున్నాను. నెలకోసారి పూర్తి తనిఖీ, బయల్దేరే ముందు ప్రతిసారీ ఒక నిమిషం చూపు. పూర్తి తనిఖీకి రెండు చక్రాలకూ కలిపి ముప్పావుగంట పడుతుంది. మొదట్లో ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు, కంగారు పడకండి.

ముందు టైరు నిర్మాణం గురించి నాలుగు మాటలు

టైరు అంటే రబ్బరు అనుకుంటాం. కానీ టైరు బలం రబ్బరులో లేదు, దాని కింద ఉన్న దారాల్లో ఉంది. ఈ దారాల పొరనే కేసింగ్ అంటారు. సాధారణంగా నైలాన్ దారాలు ఒకదాని పక్కన ఒకటి, సుమారు 45 డిగ్రీల వాలుతో పరిచి ఉంటాయి. దాని మీది పొర ఎదురు దిక్కుకు వాలి ఉంటుంది. బట్టలోలాగా దారాలు ఒకదాని కింద నుంచి ఒకటి దూరి అల్లుకుని ఉండవు. అల్లిక ఉంటే చక్రం తిరిగి టైరు నలిగిన ప్రతిసారీ దారాలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. టైరు మీద కనిపించే టీపీఐ సంఖ్య అంగుళానికి ఎన్ని దారాలున్నాయో చెబుతుంది. 60 అయితే దారాలు లావుగా, 120 అయితే సన్నగా ఉంటాయి. కొన్ని కంపెనీలు పొరలన్నీ కలిపి లెక్కగట్టి 300 పైన కూడా రాస్తాయి.

లోపలి గాలి ఒత్తిడినంతా భరించేది ఈ దారాలే. పైనున్న రబ్బరు పని రోడ్డును పట్టుకోవడం, దారాలను కాపాడటం. టైరు రెండు అంచుల్లోనూ బీడ్ ఉంటుంది, అంటే ఉక్కు తీగ గానీ అరామిడ్ (కెవ్లార్ లాంటి గట్టి దారం) నార గానీ. టైరును రిమ్ములో పట్టి ఉంచేది అదే. చాలా టైర్లలో రోడ్డును తాకే రబ్బరుకూ కేసింగ్‌కూ మధ్య పంక్చర్‌ను ఆపే పట్టీ ఒకటి అదనంగా ఉంటుంది.

ఇంత వివరం ఎందుకంటే, టైరు మీద ఏ లోపం కనిపించినా మనం వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: దారం తెగిందా, లేదా? రబ్బరు ఒక్కటే దెబ్బతింటే చాలావరకు భయం లేదు. దారం తెగితే మాత్రం ఆ టైరును నమ్మకూడదు.

కావలసినవి

మంచి వెలుతురు, తడిగుడ్డ, సుద్దముక్క, సన్నటి మొన ఉన్న చిన్న స్క్రూడ్రైవర్ లేదా సూది, ట్వీజర్స్, దూది, గేజ్ ఉన్న పంపు, రెండు ప్లాస్టిక్ టైర్ లివర్లు (టైరును రిమ్ము నుంచి విప్పే పనిముట్లు). సైకిల్ స్టాండు ఉంటే మంచిదే, లేకపోతే సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టినా సరిపోతుంది.

1. టైరును శుభ్రం చేయడం

మట్టి పట్టిన టైరులో గాటు కనిపించదు. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో చుట్టూ తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ వాడొద్దు, అవి రబ్బరును పాడుచేస్తాయి. ట్యూబ్‌లెస్ టైరైతే తుడిచే ముందే ఒకసారి చూడండి. ఎక్కడైనా తెల్లటి మరక ఎండిపోయి ఉంటే అక్కడ ఇదివరకే రంధ్రం పడి, సీలెంట్ (లోపల పోసే, రంధ్రాలు మూసే ద్రవం) దాన్ని మూసిందని అర్థం. ఆ చోట సుద్దతో గుర్తు పెట్టి తరవాత తుడవండి.

2. గాలి నింపి, వాల్వ్ నుంచి వాల్వ్ దాకా

మీరు మామూలుగా నడిపే ఒత్తిడికి గాలి నింపండి. గాలి నిండుగా ఉంటేనే గాట్లు నోరు తెరుస్తాయి, మెత్తబడిన టైరులో మూసుకుపోయి తప్పించుకుంటాయి. వాల్వ్ దగ్గర మొదలుపెట్టి చక్రాన్ని బెత్తెడు బెత్తెడు తిప్పుతూ మళ్లీ వాల్వ్ వచ్చేదాకా చూడండి. మొదటి చుట్టు రోడ్డును తాకే భాగానికి, రెండోది ఎడమ పక్కకు, మూడోది కుడి పక్కకు. మూడూ ఒకే చుట్టులో చూసేద్దామనుకుంటే ఏదో ఒకటి తప్పకుండా దాటిపోతుంది.

కళ్లలో వత్తులు వేసుకుని చూడవలసిన పని ఇదే. గాజుముక్క, రాయి, తీగ, గాటు, ఏది కనిపించినా సుద్దతో గీత పెట్టి ముందుకు కదలండి. అప్పటికప్పుడు పీకొద్దు. గాలి నిండుగా ఉన్న టైరులో సూది పెట్టి కెలికితే ఆ సూదే లోపలికి దిగవచ్చు. పైగా ఆ గాజుముక్కే రంధ్రానికి బిరడాలా ఉండి ఉంటే, అది ఊడగానే గాలి పోతుంది. చూడటం పూర్తయ్యాక గాలి తగ్గించి, గుర్తులు పెట్టిన చోట్ల ఒక్కొక్కటే తీయండి. సూదిని నిట్టనిలువుగా గుచ్చకుండా పక్కకు వాల్చి, ముక్కను పైకి ఎగదోసినట్టుగా తీయాలి.

3. అరుగుదల

కారు టైరు మీది గాడుల లోతు చూసినట్టు సైకిల్ టైరుకు చూడక్కర్లేదు. కారు టైరులో గాడులు నీటిని పక్కకు తోసేస్తాయి. సన్నగా, గుండ్రంగా ఉండి, లోపల ఒత్తిడి ఎక్కువగా ఉండే సైకిల్ టైరు నీటిని తనంతట తానే చీల్చుకుంటూ పోతుంది. 100 పి.ఎస్.ఐ. గాలి ఉన్న టైరు నీటి పొర మీద తేలాలంటే లెక్క ప్రకారం గంటకు 150 కి.మీ. పైన వెళ్లాలి. అందుకే చాలా రోడ్ టైర్లు కొత్తవైనా నున్నగానే ఉంటాయి. నున్నగా ఉంది కదా అని అరిగిపోయిందనుకోవద్దు.

చూడవలసింది ఆకారం. సైకిల్ వెనక కూర్చుని, టైరు పైభాగం మీ కంటికి ఎదురుగా ఉండేట్టు చూడండి. కొత్త టైరు గుండ్రంగా ఉంటుంది. అరిగేకొద్దీ నడిమి భాగం బల్లపరుపుగా మారి, రెండు పక్కలా అంచులు తేలతాయి. వేలితో అడ్డంగా రాస్తే ఆ అంచు తగులుతుంది. అంచు స్పష్టంగా తెలుస్తుంటే కొత్త టైరు కొనుక్కునే సమయం దగ్గరపడినట్టే.

కొన్ని టైర్ల మీద అరుగుదల గుర్తులు ఉంటాయి. ఉదాహరణకు కాంటినెంటల్ వారి రోడ్ టైర్లలో నడిమి రబ్బరులో చిన్న గుంటలు ఉంటాయి. ఆ గుంటలు కనిపించకుండా పోతే టైరు పని అయిపోయినట్టు. గుర్తులు లేని టైరులో రబ్బరు కింద రంగు మారడమో, దారాల గీతలు సన్నగా తేలడమో కనిపించొచ్చు. దారం కనిపించాక ఆ టైరు మీద ఇంకొక్క రైడ్ కూడా వద్దు.

ఎన్ని కిలోమీటర్లు వస్తాయని అందరూ అడుగుతారు. మామూలు రోడ్ టైరు వెనక చక్రానికి సుమారు 3,000 నుంచి 5,000 కి.మీ. అని స్థూలంగా చెప్పుకోవచ్చు. రేసింగ్ కోసం చేసిన తేలిక టైర్లు అంతకంటే ముందే అరుగుతాయి. మనిషి బరువు, రోడ్డు, గాలి ఒత్తిడిని బట్టి ఈ లెక్క చాలా మారుతుంది. కిలోమీటర్లు మనకు ఎప్పుడు జాగ్రత్తపడాలో చెబుతాయి. టైరును తీసేయాలా వద్దా అన్నది మాత్రం కంటితో చూసే తేల్చుకోవాలి.

ఒకేచోట మచ్చలా అరిగి ఉంటే వేరే సంగతి. గట్టిగా బ్రేకు వేసి చక్రం జారితే, ఆ ఒక్క చోటే రబ్బరు గీరుకుపోతుంది. మిగతా టైరంతా కొత్తగా ఉన్నా ఆ మచ్చలో దారం కనిపించొచ్చు. చుట్టూ తిప్పి చూడమనడం అందుకే.

వెనక టైరు ముందుదానికంటే చాలా త్వరగా అరుగుతుంది, బరువూ తొక్కే బలమూ ఎక్కువగా దాని మీదే పడతాయి కాబట్టి. అప్పుడు చాలామంది కొత్త టైరు తెచ్చి వెనక వేస్తారు. నేను అలా చేయను, మీరూ చేయొద్దని నా సలహా. ముందు టైరును తీసి వెనక్కి వేయండి, కొత్తది ముందు వేయండి. వెనక టైరు పేలితే సైకిల్ ఊగుతుంది గానీ చాలాసార్లు నిలదొక్కుకోగలం. ముందు టైరు పేలితే హ్యాండిల్ మన మాట వినదు. అందుకే మంచి టైరు ఎప్పుడూ ముందే ఉండాలి.

4. గాట్లు

ఎక్కువ టెన్షన్ పెట్టేవి, ఎక్కువగా తప్పు అంచనా వేసేవి ఇవే. గాటు కనిపించగానే టైరు పారేయనక్కర్లేదు. అలాగని పైపైన చూసి వదిలేయనూ కూడదు.

గాలి తగ్గించి, రెండు బొటనవేళ్లతో గాటుకు రెండు వైపులా పట్టుకుని టైరును వెనక్కి వంచండి. గాటు పూర్తిగా తెరుచుకుంటుంది. ఇప్పుడు వెలుతురులో లోపలికి చూడండి. అడుగున కూడా నల్లటి రబ్బరే ఉంటే గాటు పైపైనే ఉన్నట్టు. లోపలి ఇసుక, గాజు పొడి సూదితో తీసేయండి. తీయకపోతే ప్రతి చుట్టుకూ అవి ఇంకాస్త లోపలికి దిగుతాయి. తరవాత ఒక చుక్క సూపర్ గ్లూ వేసి కొద్దిసేపు అదిమి పట్టుకుంటే గాటు మూసుకుంటుంది. ఇది టైరుకు బలం ఇవ్వదు, మళ్లీ రాళ్లు దూరకుండా ఆపుతుంది, అంతే.

అడుగున వేరే రంగు బట్టలాంటిది కనిపిస్తే అది పంక్చర్ పట్టీ. దాని మీద గీత పడలేదంటే వాడొచ్చు గానీ, ప్రతి రైడ్ ముందూ ఆ గాటును చూస్తుండాలి. అడుగున సన్నటి దారాలు వరసగా, ఏటవాలుగా కనిపించి, వాటిలో కొన్నిటి కొసలు తెగి పీచులా పైకి లేచి ఉంటే కేసింగ్ తెగినట్టే. అప్పుడు మళ్లీ గాలి నింపి చూడండి. గాటు దగ్గర రబ్బరు కొద్దిగా పైకి పొంగినా టైరు తీసేయండి. పొంగకపోయినా, అది ముందు టైరైతే నేను తీసేస్తాను.

గాటు పొడవుతో పాటు దాని దిక్కు కూడా చూడాలి. దారాలు ఏటవాలుగా పోతాయని చెప్పుకున్నాం కదా. వాటికి అడ్డంగా పడిన 5 మి.మీ. గాటు, వాటి వెంబడే పడిన అంతే గాటుకంటే చాలా ఎక్కువ దారాలను తెంపుతుంది.

5. పక్క గోడలు

టైరు పక్కల్లో రబ్బరు అతి పల్చగా ఉంటుంది, పట్టీ కూడా సాధారణంగా అంతదాకా రాదు. నడిమి భాగంలో చిన్నదనిపించే గాటే ఇక్కడ పెద్ద ప్రమాదం. పక్కన దారం తెగిందంటే ఇక ఆలోచన వద్దు, మార్చేయండి.

ఎండకు, ఓజోన్‌కు రబ్బరు గట్టిపడి, ఎండిన చెరువులో నెర్రెల్లాగా సన్నటి పగుళ్లు వస్తాయి. పైపొరలో వెంట్రుకంత పగుళ్లు వయసుకు గుర్తు మాత్రమే. గోరుతో రాస్తే రబ్బరు పొడిగా రాలినా, పగుళ్ల లోంచి దారం కనిపించినా ఆ టైరు వద్దు. రిమ్ముకు కాస్త పైన చుట్టూ ఒకే వరసలో పగుళ్లు ఉంటే చాలాకాలం గాలి తక్కువగా నడిపారని అనుమానించాలి. మెత్తటి టైరు అక్కడే పదేపదే మడత పడుతుంది.

రిమ్ము బ్రేకులున్న సైకిలైతే ఇంకో పని ఉంది. బ్రేకు నొక్కి పట్టుకుని, బ్రేకు రబ్బరు ఎక్కడ ఆనుతోందో వంగి చూడండి. ఒక వెంట్రుకవాసి పైకి ఉన్నా అది టైరు పక్క గోడను రాస్తుంది. చుట్టూ ఒకే ఎత్తులో నిగనిగలాడే గీత కనిపిస్తే కారణం అదే. బ్రేకు సరిచేయకుండా టైరు మారిస్తే కొత్తదానికీ అదే గతి పడుతుంది.

6. ఉబ్బులు, వంకరలు

చక్రాన్ని నిదానంగా తిప్పుతూ, టైరుకు కొద్ది దూరంలో ఒక పెన్ను కదలకుండా పట్టుకోండి. ముందు రిమ్మును చూడండి. రిమ్మే ఊగుతుంటే స్పోకుల సమస్య, టైరుది కాదు. రిమ్ము నిలకడగా ఉండి టైరు మాత్రం పైకీ కిందకీ లేదా పక్కకు ఊగుతుంటే ఆ చోట ఆపండి.

రిమ్ము అంచుకు కాస్త పైన టైరు చుట్టూ సన్నటి గీత ఒకటి అచ్చుపోసి ఉంటుంది. అది రిమ్ముకు అంతటా సమాన దూరంలో ఉండాలి. ఒకచోట రిమ్ములోకి మునిగినా, పైకి తేలినా బీడ్ సరిగ్గా కూర్చోలేదు, లేదా ట్యూబు దాని కింద ఇరుక్కుంది. గాలి తీసి, సర్దుకుని, మళ్లీ నింపితే సరిపోతుంది. గీత అంతటా సమానంగా ఉండి, టైరు మాత్రం ఒకచోట పొక్కులా ఉబ్బితే లోపల దారాలు తెగాయి. నడిమి గీతలు పాము మెలికలా వంకరపోయినా సాధారణంగా అదే కారణం. ఇలాంటి ఉబ్బుకు ఏ మందూ లేదు. అది రోజురోజుకూ పెరుగుతుంది, ఎక్కడ పేలుతుందో మన చేతిలో ఉండదు. అక్కడికక్కడే గాలి తీసేయండి.

7. లోపలి వైపు

టైరు విప్పే ముందు దాని మీది పేరు వాల్వ్‌కు ఎదురుగా ఉందో లేదో చూడండి. లేకపోతే వాల్వ్ ఉన్నచోట టైరు మీద సుద్ద గీత పెట్టండి. దీనివల్ల లాభం ఏమిటంటే, ట్యూబులో రంధ్రం వాల్వ్ నుంచి రెండు జానల దూరంలో ఉంటే, టైరులో ముల్లు కూడా ఆ గీత నుంచి అంతే దూరంలో ఉంటుంది. చుట్టంతా వెతికే పని తప్పుతుంది.

తీసిన టైరును తిరగేసి పట్టుకుని దూదితో లోపలంతా తుడవండి. వేలి తోలుకు తెలియనిది దూది పోగుకు తెలుస్తుంది, పైగా గాజు ఉంటే వేలు తెగదు. తరవాత టైరును దీపానికి ఎదురుగా పెట్టి చూడండి. సూదిమొనంత వెలుతురు చుక్క కనిపిస్తే అక్కడ ఇటు నుంచి అటు దాకా రంధ్రం ఉంది. దారాలు విడిపోయి నూలులా వేలాడుతున్నాయేమో కూడా చూడండి. బీడ్ వెంబడి చేత్తో తడమండి. దాని మీది బట్ట చిరిగినా, లోపలి తీగ బయటపడినా, నార మడత పడి విరిగినట్టున్నా ఆ టైరును తిరిగి ఎక్కించొద్దు.

ట్యూబు కూడా కథ చెబుతుంది. పక్కపక్కన రెండు రంధ్రాలు, పాము కాటులా ఉంటే గాలి తక్కువై గుంతలో రిమ్ము ట్యూబును కరిచింది. రంధ్రం రిమ్ము వైపు ఉంటే టైరును తప్పుపట్టకండి, రిమ్ము టేపు జరిగి స్పోకు రంధ్రం అంచు తగులుతోంది. టేపు సరిచేసి, వాల్వ్ రంధ్రం అంచు కూడా వేలితో చూడండి.

దారిలో పెద్ద గాటు పడితే, టైరు లోపల మందపాటి ముక్క ఒకటి, అంటే పాత టైరు పక్క నుంచి కత్తిరించినది గానీ దుకాణాల్లో దొరికే టైర్ బూట్ గానీ, పెట్టి ఇల్లు చేరొచ్చు. నిదానంగా, కాస్త తక్కువ గాలితో. ఇల్లు చేరాక ఆ టైరును మళ్లీ వాడొద్దు.

8. తిరిగి ఎక్కించడం

టైరు పక్కన బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే దిక్కుకే పెట్టండి. పేరు వాల్వ్‌కు ఎదురుగా రావాలి. చివరి జానెడును వీలైనంతవరకు బొటనవేళ్లతోనే ఎక్కించండి, లివర్ వాడితే ట్యూబును కరిచే అవకాశం ఎక్కువ. కొద్దిగా గాలి నింపి రెండు వైపులా బీడ్ గీత చూసుకుని, అప్పుడు పూర్తిగా నింపండి. టైరు మీద రాసిన గరిష్ఠం, రిమ్ముకు చెప్పిన గరిష్ఠం వేరుగా ఉంటే రెండిట్లో తక్కువదే మీ హద్దు. హుక్ లేని (హుక్‌లెస్) రిమ్ములకు, అంటే బీడ్‌ను పట్టుకునే కొక్కెం లాంటి అంచు లేనివాటికి, ఆ హద్దు 5 బార్, అంటే 72.5 పి.ఎస్.ఐ. వాటి మీద హుక్‌లెస్‌కు పనికొస్తుందని టైరు కంపెనీ చెప్పిన టైరే వేయాలి.

ఆ రాత్రి సైకిల్‌ను అలాగే వదిలేసి, పొద్దున గేజ్ పెట్టి చూడండి. మామూలుగా దొరికే నల్లటి బ్యూటిల్ రబ్బరు ట్యూబులో ఒక రాత్రికి పెద్ద తేడా రాదు. పల్చటి లేటెక్స్ రబ్బరు ట్యూబైతే కొంత తగ్గడం సహజం. బ్యూటిల్ ట్యూబులో గాలి సగానికి పడిపోయిందంటే ఏదో ఇంకా మిగిలే ఉంది. ఏడో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

రోజూ ఒక నిమిషం

బయల్దేరే ముందు గేజ్‌తో గాలి చూడండి. ముందు చక్రాన్ని ఒక చుట్టు, వెనక చక్రాన్ని ఒక చుట్టు తిప్పి, ఇదివరకు సుద్ద పెట్టిన గాట్ల దగ్గర ఆగండి. ఉబ్బు ఉందేమో పైనుంచి ఒక చూపు చాలు. వాన కురిసిన రోజు మాత్రం ఇంటికి రాగానే కూడా చూడండి. తడి రోడ్డు మీద గాజుముక్కలు టైరుకు సులువుగా అంటుకుంటాయి, తడిసిన రబ్బరును నీళ్లు పూసిన కత్తిలా తేలిగ్గా కోస్తాయి. ఆ ముక్కను రాత్రే తీసేస్తే చిన్న గాటుతో సరిపోతుంది. పొద్దున్నే ఆదరాబాదరా ఎక్కి వెళ్లిపోతే, ఆ ముక్క మరో పది కిలోమీటర్లలో దారాల దాకా దిగుతుంది.